అక్రోటు మరక

అక్టోబరులో ఈ ఊళ్లో
చేతులు చూస్తే చాలు
ఎవరికి రాబడి ఉందో తెలిసిపోతుంది.

తొక్క వలిచిన వేళ్లు
గోళ్ల మొదళ్ల దాకా నలుపు.
సబ్బుకి లొంగదు, వెనిగర్‌కి లొంగదు,
క్రిస్మస్ దాకా పోదు.
మా పన్నుల శాఖ ఫైళ్లలో మాత్రం దాని పేరు
వెల్లడించని ఆదాయం.

సోరోకా నుంచి పొద్దుటి బస్సులో వచ్చాను.
సంచిలో కొత్త రసీదు పుస్తకాలు నాలుగు,
కాలికి మడమ దగ్గర నోరు తెరిచిన బూటు.
రోడ్డు మీద కాకులు
అక్రోట్లను ముక్కున కరుచుకుని పైకెగిరి
తారు మీద వదిలేస్తున్నాయి,
పగలగానే దిగి తింటున్నాయి.
ఒక్కటీ గురి తప్పడం లేదు.
కాకిలెక్కలని ఊరికే ఆడిపోసుకుంటాం.

పరస్కీవ పొయ్యి పక్కన కూర్చుంది,
మోకాళ్ల మధ్య రాయి, చేతిలో సుత్తి.
టక్.
పప్పు గిన్నెలోకి, పెంకు బుట్టలోకి.
నన్ను చూడగానే సుత్తి వదిలేసి
చేతులు ముందరి గుడ్డ కింద దాచుకుంది,
మిఠాయి దొంగిలించిన పిల్లలా.
అరవై నాలుగేళ్ల పిల్ల.

"కొనేదెవరు?"
"ట్రక్కు."
ట్రక్కుకి పేరుండదు, నంబరు పలకకి బురదుంటుంది.
శనివారం చీకటి పడ్డాక వస్తుంది.
కాటా దానిదే, రేటు దాని నోట్లోనే,
నోట్లు రబ్బరు బ్యాండులో.
ఈ పప్పు నాలుగు సరిహద్దులు దాటుతుంది.
దాటిన ప్రతిచోటా దానికో కాగితం పుడుతుంది,
ఈ పొయ్యి దగ్గర తప్ప.

నేను బట్టీపట్టిన పాఠం చెప్పాను.
ఊరి గిడ్డంగిలో సంఘం కొంటుంది,
పన్ను వాళ్లే పట్టుకుని కట్టేస్తారు,
చేతికి రసీదు వస్తుంది,
ఆ డబ్బుతోనే కదా బడి, ఆసుపత్రి, రోడ్డు...
"రోడ్డా?" అంది. "కాకులకి బాగా పనికొస్తోంది."

నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాను.
ఆమె లేచి, పిండి డబ్బా వెనక నుంచి
ఓ చిన్న పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది.
సామూహిక క్షేత్రంలో పదమూడేళ్లు:
ముద్రలు, సంతకాలు, ఊదారంగు సిరా.
ఆ తర్వాత ఒక్క అక్షరం లేదు.
"ఈ ముప్పై ఏళ్లూ నేను పని చెయ్యలేదట.
పింఛను కిటికీ దగ్గర అమ్మాయి చెప్పింది.
బతికానో లేదో అడగలేదు."

నల్లధనమంటే
ఎక్కడో నేలమాళిగలో బరువైన సంచి అనుకునేవాణ్ణి.
ఈవిడ దగ్గర మిగిలింది నలుపే.
ధనం ట్రక్కెక్కి పోయింది.

తిలా పాపం తలా పిడికెడు.
మా పై అధికారి ఇంట్లో మూడు బస్తాలున్నాయి,
రసీదు లేనివి.
నాకెలా తెలుసంటే
మోసింది నేనే.

"సంఘం ఎంతిస్తుంది?"
"కిలోకి మూడు లేయ్ తక్కువ."
చాలాసేపు పెంకుల్ని కాలితో కదిలిస్తూ ఉండిపోయింది.
"అంటే నా పేరు నేనే కొనుక్కోవాలన్నమాట,
కిలోకి మూడు లేయ్ పెట్టి."
నేను అవునన్నానా?
దగ్గాననుకుంటా.

"సరే. పన్నెండు కిలోలు రాయి.
పేరు పొట్టి చెయ్యకు, మొత్తం రాయి:
పరస్కీవ బుజ్దుగాన్."
సంతకం పెట్టింది, అక్షరం అక్షరం ఆగి,
గాజు మీద నడుస్తున్నట్టు.
వేలిముద్ర నేనడగలేదు.
కాగితం అంచున అదే పడింది.

శనివారం ట్రక్కు వచ్చిందట.
పన్నెండు మాకు, నలభై దానికి.
పక్కింటి టుడోసె వచ్చి మరీ చెప్పిపోయాడు,
తన బస్తాల సంగతి చెప్పకుండా.
నేను పన్నెండే రాసుకున్నాను.

బయల్దేరేటప్పుడు ఆవిడ
తొక్క ఊడని కాయలు రెండు నా జేబులో వేసింది.
బస్సులో తోచక వలిచాను.
మర్నాడు ఆఫీసులో
ఎవరో తలుపు తీయగానే
నా చేతులు వాటంతటవే
బల్ల కిందికి వెళ్లిపోయాయి.